మోడెమ్ మార్చాలా, రౌటర్ మార్చాలా? కొనే ముందు తేల్చుకోవలసిన సంగతులు

ప్రశ్న: మేము ఇటీవల 300 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నాం. సంస్థవారు ముందు గదిలో గోడకు ఒక పెట్టె బిగించి, మోడెమ్, రౌటర్ రెండూ దానిలోనే ఉన్నాయని చెప్పి వెళ్లారు. గోడలోంచి దానిలోకి వచ్చే తీగ ఏ రకమో నాకు తెలియదు. ముందు గదిలో నెట్ బాగానే వస్తుంది. మావారు వెనుక గదిలో కూర్చుని పని చేసుకుంటారు. అక్కడ వీడియో కాల్ మాటిమాటికీ ఆగిపోతుంది. మంచి మోడెమ్ కొనమని మా మరిది అంటున్నాడు. దుకాణంలో అడిగితే ఆరు యాంటెన్నాల రౌటర్ చూపించారు. రెండూ వేరువేరుగా కొనాలా, ఒకటి చాలా? ఏవి చూసి ఎంచుకోవాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు గదిలో బాగా వచ్చి వెనుక గదిలో ఆగిపోతోందని మీరు రాసిన మాటతోనే సగం సంగతి తేలిపోయింది. మోడెమ్‌లో గానీ, బయటి లైనులో గానీ లోపం ఉంటే అది గదిని బట్టి మారదు, ఇల్లంతటికీ ఒకేలా తగులుతుంది. మీ మరిదిగారు మీ మేలు కోరే చెప్పారు కానీ, మీరు వర్ణించిన ఇబ్బందికి మోడెమ్ మార్చడం మందు కాదు. రౌటర్ మార్చడం మందు అవునో కాదో చెప్పాలంటే మాత్రం ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. దాని సంగతి చెప్పే ముందు, ఆ ఒక్క పెట్టెలో ఇమిడి ఉన్న రెండు పనులను విడదీసి చూపడం అవసరం. కొనుగోలులో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ రెండింటినీ కలిపి చూడటం వల్లనే వస్తున్నాయి.

బయటి నుంచి వచ్చే తీగలోని సంకేతాన్ని కంప్యూటర్లకు అర్థమయ్యే రూపంలోకి మార్చడం, ఇక్కడి నుంచి వెళ్లేదాన్ని ఆ తీగకు తగినట్టు మార్చి పంపడం మోడెమ్ పని. ఆ ఒక్క కనెక్షన్‌ను ఇంట్లోని ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు, టీవీకి పంచడం, ఒక్కోదానికి సాధారణంగా 192.168 అంకెలతో మొదలయ్యే అంతర్గత చిరునామా ఇవ్వడం, బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని గుమ్మం దగ్గరే ఆపడం రౌటర్ పని. వైఫై నిజానికి మూడో పని. అయితే ఇళ్లలో వాడే రౌటర్లన్నింటిలోనూ దాన్ని కలిపే ఇస్తున్నందువల్ల విడిగా లెక్కపెట్టం. ఏ మోడెమ్ కావాలో మీ ఇంటికి వచ్చే తీగ నిర్ణయిస్తుంది. ఏ రౌటర్ కావాలో ఇంటి పరిమాణం, గోడలు, అక్కడి మనుషుల వాడకం నిర్ణయిస్తాయి. మొదటిదానిలో మీకు ఎంపిక చాలా తక్కువ, రెండోదానిలో చాలా ఎక్కువ.

తీగ రకాన్ని కొసన ఉన్న ప్లగ్ చూసి గుర్తుపట్టవచ్చు. ల్యాండ్‌లైన్ ఫోనుకు పెట్టే చిన్న ప్లగ్ ఉంటే అది టెలిఫోన్ తీగ మీద నడిచే డీఎస్‌ఎల్. నడుమ రాగి సూది ఉండి, గుండ్రంగా తిప్పి బిగించేదైతే కేబుల్ టీవీ తరహా లైను. దారంలా సన్నగా ఉండి, కొసన ఆకుపచ్చ లేదా నీలం ప్లాస్టిక్ ప్లగ్ ఉంటే ఫైబర్. మీ ప్లాన్ వేగాన్ని బట్టి చూస్తే మీది ఫైబర్ కావడానికే అవకాశం ఎక్కువ. పాత టెలిఫోన్ తీగ మీద ఏడీఎస్‌ఎల్2ప్లస్ పద్ధతి ఎంత బాగా పనిచేసినా 24 ఎంబీపీఎస్ దగ్గర ఆగుతుంది. వీడీఎస్‌ఎల్2 అంతకంటే చాలా వేగంగా వెళ్లగలదు గానీ, ఎక్స్ఛేంజ్ నుంచి గానీ వీధి క్యాబినెట్ నుంచి గానీ దూరం పెరిగేకొద్దీ దాని వేగం త్వరత్వరగా పడిపోతుంది.

ఫైబర్ లైనులో మోడెమ్ స్థానంలో ఉండే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఎక్కువ చోట్ల వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబర్ 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్ వేగాన్ని అనేక ఇళ్లకు పంచుతుంది. మీ ఇంటి ఓఎన్‌టీ ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో అవతలి కొసన ఉన్న యంత్రం క్షణక్షణం చెబుతూ ఉంటుంది. అందుకే ప్రతి ఓఎన్‌టీ సీరియల్ నంబరూ సంస్థవద్ద నమోదై ఉండాలి; దుకాణంలో దొరికినదేదో తెచ్చి తగిలిస్తే పనిచేయదు. ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు మోడెమ్ ఎంపిక గురించి అసలు ఆలోచించనక్కరలేదు. సంస్థ ఇచ్చిన పెట్టెను అక్కడే ఉంచి, ఆ సన్నని తీగ మడత పడకుండా చూసుకుంటే చాలు. ఆ పెట్టె మీద ఎల్‌వోఎస్ అనే దీపం ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా ఫైబర్ సంకేతం అందడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు, సంస్థకు ఫోను చేయవలసిందే.

సొంత మోడెమ్ కొనడం లాభించే సందర్భం ముఖ్యంగా కేబుల్ లైనులో వస్తుంది. సంస్థ మోడెమ్‌కు నెలనెలా అద్దె వసూలు చేస్తుంటే, కొంతకాలంలోనే ఆ అద్దె కొత్తదాని ఖరీదుకు చేరుకుంటుంది. ఆ లైన్లలో వాడే ప్రమాణాన్ని డాక్సిస్ అంటారు. 2006లో వచ్చిన 3.0 తరం మోడెమ్‌లు ఇంకా చాలా ఇళ్లలో నడుస్తున్నాయి గానీ, కొత్తగా కొనేవారు 2013లో వచ్చిన 3.1 తరానికి తక్కువైనది తీసుకోకూడదని నా అభిప్రాయం. ఏది కొన్నా, సంస్థ ఆమోదించిన మోడెమ్‌ల జాబితాలో ఆ మోడల్ నంబరు ఉందో లేదో కొనక ముందే చూసుకోవాలి. జాబితాలో లేని మోడెమ్ ఎంత మంచిదైనా వారు దాన్ని తమ లైనులోకి రానివ్వకపోవచ్చు. కనెక్షన్‌తోపాటు ఇంటి ఫోను కూడా వస్తుంటే, ఫోను తగిలించే రంధ్రం కొత్తదానిలో ఉందా అన్నది మరువకండి. చాలా మోడెమ్‌లలో అది ఉండదు.

ఇక పరీక్ష. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు తగిలించి, వైఫై ఆపివేసి, స్పీడ్ టెస్ట్ చేయండి. తరువాత కేబుల్ తీసేసి, పెట్టె పక్కనే నిలబడి వైఫై మీద చేయండి. మూడోసారి మీవారు కూర్చునే చోటనే చేయండి. పగలు ఒకసారి, అందరూ నెట్ వాడే రాత్రివేళ ఒకసారి ఈ మూడింటినీ చేస్తే మంచిది. కేబుల్ మీదే వేగం తక్కువగా ఉంటే లోపం లైనులోనో, సంస్థవారి పెట్టెలోనో ఉన్నట్టు. అప్పుడు మీరు ఏమీ కొనకండి, ఆ అంకెలు చెప్పి వారిచేతనే సరిచేయించుకోండి. కేబుల్ మీద 300 దగ్గరగా వచ్చి, పక్కనే నిలబడినా వైఫై మీద బాగా తగ్గితే రౌటర్ పాతబడిందనో, మీ ల్యాప్‌టాప్ వైఫై పట్టీల్లో నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉందనో అనుకోవాలి. మొదటి రెండుచోట్లా బాగా ఉండి మూడోచోట పడిపోతే అది దూరానికీ గోడలకూ సంబంధించిన విషయం. మీ ఉత్తరాన్ని బట్టి మీది మూడోదే అనిపిస్తోంది.

కేబుల్ మీద చేసినప్పుడు వేగం 93, 94, 95 ఎంబీపీఎస్ దగ్గరే ప్రతిసారీ కదలకుండా నిలిచిపోతే మాత్రం తొందరపడి సంస్థను నిందించకండి. అది 100 ఎంబీపీఎస్ పోర్టు గుర్తు. పెట్టెకో, ల్యాప్‌టాప్‌కో ఉన్న పోర్టు పాత రకమైనా, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఒకటి తెగినా ఇలాగే జరుగుతుంది. కేబుల్ మీద క్యాట్ 5ఇ లేదా క్యాట్ 6 అని అచ్చు వేసి ఉంటే గిగాబిట్ వేగానికి అది చాలు. అలాగే, ఫైళ్లు దించుకునేటప్పుడు తెర మీద సెకనుకు 37 మెగాబైట్లు అని కనిపిస్తే 300 ఎంబీపీఎస్ పూర్తిగా అందుతున్నట్టే, ఎందుకంటే ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు.

మీ విషయంలో వేగం కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మంచి నాణ్యత గల వీడియో కాల్‌కు కూడా సాధారణంగా నాలుగైదు ఎంబీపీఎస్ మించి అక్కరలేదు. వెనుక గదిలో మీ 300లో పదో వంతు వచ్చినా కాల్ నిరాటంకంగా సాగాలి. అయినా ఆగిపోతోందంటే అక్కడ కొరవడింది నిలకడ. బలహీనమైన సంకేతం మీద ప్యాకెట్లు, అంటే సమాచారాన్ని విడగొట్టి పంపే చిన్న ముక్కలు, దారిలో చెడిపోయి మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది. సినిమా చూస్తున్నప్పుడు కొంత భాగం ముందే వచ్చి నిల్వ ఉంటుంది కనుక ఆ ఆలస్యం మనకు తెలియదు. మాట్లాడుతున్నప్పుడు నిల్వకు అవకాశం లేదు, అర సెకను ఆలస్యమైనా మాట తెగుతుంది. చిన్న సందేశం పంపి సమాధానం ఎంతసేపట్లో వస్తుందో కొలిచే పింగ్ అనే ఆదేశంతో దీన్ని కనిపెట్టవచ్చు. వెనుక గదిలో ల్యాప్‌టాప్ నుంచి ముందుగా రౌటర్ చిరునామాకు, అంటే సాధారణంగా 192.168.1.1కో 192.168.0.1కో, ఒక నిమిషం పాటు పింగ్ పంపి చూడండి. సరైన చిరునామా పెట్టె కింద అంటించిన చీటీ మీద ఉంటుంది. రౌటర్‌కే సమాధానం ఒకసారి 3 మిల్లీసెకన్లలో, మరోసారి 200లో వస్తుంటే తప్పు మీ ఇంటి గాలిలోనే ఉంది. రౌటర్ దాకా నిలకడగా ఉండి, బయటి వెబ్‌సైట్‌కు పంపినప్పుడే ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు లైనులో ఉంది. ఈ ఒక్క పరీక్ష ఎన్నో అనవసరపు కొనుగోళ్లను ఆపుతుంది.

లైను సరిగా ఉన్నా కాల్ తెగడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి దుకాణదారులు సాధారణంగా చెప్పరు. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలను, వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు, రౌటర్ వాటినన్నింటినీ వరుసలో నిలబెట్టుకుంటుంది. ఇరుకు గుమ్మంలోంచి బీరువాలు మోస్తున్న వారి వెనుక చేతిలో ఒక్క చీటీతో నిలబడిన మనిషిలా, మీవారి మాట ఆ వరుసలో చిక్కుకుంటుంది. కాల్ తెగిన ప్రతిసారీ ఇంట్లో ఏదో అప్‌లోడ్ జరుగుతోందేమో గమనించండి. అదే కారణమైతే ఎక్కువ వేగం ఉన్న ప్లాన్ కంటే, ఎస్‌క్యూఎం అనే వరుస నియంత్రణ సౌకర్యం ఉన్న రౌటర్ ఎక్కువ మేలు చేస్తుంది. కొన్ని కంపెనీలు దీన్నే క్యూఓఎస్ అనే సాధారణ పేరుతో ఇస్తాయి, కానీ ఆ పేరుతో వచ్చేవన్నీ సమానంగా పనిచేయవు.

డబ్బు ఖర్చు చేయకముందు పెట్టె ఉన్న చోటును పరిశీలించండి. పనివారు తమకు తీగ సులువుగా అందే చోట దాన్ని బిగిస్తారు, ఇంటికి అనువైన చోట కాదు. టీవీ వెనుక, ఇనుప బీరువా పక్కన, పెద్ద అద్దం వెనుక, నేల మీద, తలుపు మూసిన అరలో రౌటర్ ఉంటే సంకేతం బయటికి రావడానికే కష్టపడుతుంది. కాంక్రీటు, లోహం, నీళ్లు దానికి పెద్ద అడ్డంకులు. ఇంటి నడుమకు వీలైనంత దగ్గరగా, మనిషి ఎత్తున, చుట్టూ ఖాళీ ఉన్న చోట పెట్టాలి. ఫైబర్ పెట్టెను కదిలించడం కుదరకపోతే దాని నుంచి లాన్ కేబుల్ లాగి, విడి రౌటర్‌ను నడి గదిలో పెట్టవచ్చు. రెండూ వేరుగా ఉండటంలోని నిజమైన లాభం ఇదే అని నేను భావిస్తాను: మోడెమ్ తీగ దగ్గర ఉండాలి, రౌటర్ మనుషుల దగ్గర ఉండాలి, ఒకే పెట్టెలో రెండూ ఉంటే రెండో అవసరం ఎప్పుడూ ఓడిపోతుంది.

వైఫై వాడే తరంగాల సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను బాగా దాటుతుంది గానీ, అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. ఇరుగుపొరుగు రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఒవెన్ అన్నీ అక్కడే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనది, రద్దీ తక్కువ, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. మీవారి ల్యాప్‌టాప్ ఈ రెండింటి మధ్య అటూ ఇటూ మారుతుండటం వల్ల కూడా కాల్ తెగుతూ ఉండవచ్చు. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, వెనుక గదిలో ఏది నిలకడగా ఉంటే దానికే కట్టుబడి చూడండి. ఖర్చు లేని ఈ మార్పుతోనే ఇబ్బంది తీరిన ఇళ్లు ఉన్నాయి.

ఇంత చేసినా తీరకపోతే అప్పుడు రౌటర్ కొనండి. పెట్టె మీద ఏఎక్స్3000 అని ఉంటే, 3,000 అన్నది 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పట్టీల గరిష్ఠ వేగాలను, అంటే 574నూ 2,402నూ కలిపి సవరించిన అంకె. ఏ ఒక్క ఫోనూ ఆ రెండింటినీ కలిపి వాడుకోదు. పైగా ఆ 2,402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు గల ఛానెల్ మీద మాట్లాడగలిగే పరికరాలకే. 80 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగే ఫోనుకు అది 1,201 అవుతుంది, అందులోనూ నిజంగా చేతికందేది సగం నుంచి మూడింట రెండు వంతులు. అయినా మీ 300కు అది ధారాళంగా సరిపోతుంది. యాంటెన్నాల సంఖ్య చూసి మోసపోవద్దు. చాలా ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు రెండే యాంటెన్నాలు ఉంటాయి కనుక, రౌటర్‌కు ఆరు ఉన్నంత మాత్రాన ఒక్క పరికరానికి వేగం మూడింతలు కాదు. అనేక పరికరాలు ఒకేసారి పనిచేసేటప్పుడు కొంత ఉపకరిస్తాయి గానీ, అవి గోడను పలుచన చేయలేవు.

తరం విషయంలో వైఫై 6 తీసుకోమని నా సలహా. 2013 నాటి వైఫై 5 మీ ప్లాన్‌కు చాలినా, ఇప్పుడు కొత్తగా కొనడానికి అది పాతది. వైఫై 6 ధ్రువీకరణ 2019లో మొదలైంది. ఒకే సమయంలో అనేక పరికరాలకు పంచడంలో అది ముందు తరం కంటే మెరుగు. 6ఇ తరం కొత్తగా 6 గిగాహెర్ట్జ్ పట్టీని కలిపింది, కానీ అది గోడల దగ్గర 5 కంటే త్వరగా అలసిపోతుంది కనుక మీ వెనుక గదికి దానివల్ల లాభం లేదు. 2024 జనవరిలో ధ్రువీకరణ మొదలైన వైఫై 7 మంచిదే. మీ పరికరాలు ఆ తరానివి కానప్పుడు దాని కోసం అదనంగా ఖర్చు చేయనవసరం లేదు. పోర్టులన్నీ గిగాబిట్‌వేనా అని మాత్రం తప్పకుండా చూడండి. వైఫై 6 అని పెద్ద అక్షరాలతో రాసి లోపల 100 ఎంబీపీఎస్ పోర్టు పెట్టిన రౌటర్లు బజారులో ఉన్నాయి. అలాంటిది మీ 300ను గుమ్మం దగ్గరే మూడో వంతుకు కోసేస్తుంది.

ఒక్క రౌటర్ ఇల్లంతా చేరకపోతే మెష్ పద్ధతి ఉంది: రెండు, మూడు పెట్టెలు ఒకే పేరుతో వైఫై ఇస్తాయి. చవకగా దొరికే ఎక్స్‌టెండర్ కూడా ఇలాంటి పనే చేస్తుంది గానీ, విన్నదాన్నే అదే రేడియో మీద తిరిగి చెప్పవలసి రావడంతో వేగం ఇంచుమించు సగానికి పడుతుంది, ఆలస్యమూ పెరుగుతుంది. వీడియో కాల్‌కు దాన్ని నేను సూచించను. మెష్ పెట్టెల మధ్య లాన్ కేబుల్ వేయగలిగితే అంతకు మించినది లేదు. కుదరకపోతే రెండో పెట్టెను వెనుక గదిలో కాక, సంకేతం ఇంకా బలంగా ఉన్న నడిదారిలో పెట్టాలి. సంకేతమే లేని చోట పెట్టిన పెట్టె పంచడానికి ఏమీ ఉండదు. ఇంతా చెప్పాక ఒక్క మాట: మీవారు కూర్చునే బల్ల దగ్గరికి ఒక లాన్ కేబుల్ వేయించగలిగితే ఆయన కాల్స్ విషయంలో ఏ రౌటరూ దానికి సాటి రాదు.

పెట్టె మీద కనిపించని లక్షణం ఒకటుంది. అన్నింటికంటే దాన్నే నేను ఎక్కువగా పట్టించుకుంటాను. ఆ కంపెనీ ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తుంది, అవి వాటంతట అవే ఎక్కుతాయా అన్నదే అది. రౌటర్ రాత్రింబవళ్లు బయటి ప్రపంచానికి ఎదురుగా నిలబడే యంత్రం. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో వశం చేసుకుని, వాటి చేత పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. ఆ పరికరాల యజమానుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. కాబట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో మీరు ఎంచుకున్న మోడల్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూసి, రెండేళ్లుగా ఏమీ రాకపోతే దాన్ని వదిలేయండి. తెచ్చిన రోజునే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై రక్షణ పద్ధతిగా డబ్ల్యూపీఏ3 పెట్టండి, పాత పరికరాలు కలవకపోతే డబ్ల్యూపీఏ2, 3 మిశ్రమం పెట్టండి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపివేయండి, బయటి నుంచి నిర్వహించే సౌకర్యం తెరిచి ఉంటే మూసివేయండి.

సంస్థ పెట్టెకు మీ రౌటర్ తగిలించినప్పుడు ఒక చిక్కు రావచ్చు. రెండూ రౌటర్ పని చేస్తుంటే చిరునామాల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. మామూలు బ్రౌజింగ్‌కు అడ్డం రాదు గానీ, కొన్ని ఆటలకు, ఆఫీసు వీపీఎన్‌లకు, ఇంటి కెమెరాలకు ఇబ్బంది కలగవచ్చు. దీనికి రెండు దారులు ఉన్నాయి. సంస్థ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని వారిని అడిగి, రౌటర్ పనంతా కొత్తదానికి అప్పగించడం ఒకటి. కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రమే ఇవ్వమనడం రెండోది. సెట్టింగుల జోలికి ఎక్కువగా పోదలచుకోనివారికి రెండోదే నయం, మీకు కూడా నేను అదే చెబుతాను. అయితే అప్పుడు ఎస్‌క్యూఎం వంటి సౌకర్యాలు పనిచేయవు. అప్‌లోడ్ వరుసే మీ అసలు సమస్య అని తేలితే బ్రిడ్జ్ మోడ్‌కు వెళ్లవలసి ఉంటుంది. అందుకు సంస్థ లైనులోకి లాగిన్ కావడానికి ఇచ్చే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు వంటివి ఉంటే సంస్థ నుంచి ముందే రాసి పెట్టుకోండి, సంస్థ వాటిని వాడుతుంటే అవి లేకుండా కొత్త రౌటర్ లైనులోకి వెళ్లలేదు. సంస్థ పెట్టెలోని వైఫైని ఆపివేయడం కూడా మరవకండి, లేకపోతే పాత, కొత్త వైఫైలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

మీరు మొదట పింగ్ పరీక్ష చేయండి, తరువాత పెట్టె చోటు మార్చి రెండు మూడు రోజులు చూడండి. కాల్ ఇంకా తెగుతుంటే వెనుక గదికి కేబుల్ వేయించండి. అదీ కుదరకపోతే గిగాబిట్ పోర్టులతో వైఫై 6 మెష్ పెట్టెలు రెండు తీసుకోండి, మూడోది అవసరమైతే తరువాత చేర్చుకోవచ్చు. గోడలు ఎలా స్పందిస్తాయో ఎవరూ ముందుగా చెప్పలేరు కనుక, నచ్చకపోతే తిరిగి ఇచ్చే వీలున్న చోటనే కొనండి. సంస్థ పెట్టెను మాత్రం, వాడినా వాడకపోయినా, దాని అడాప్టర్‌తో సహా ఇంట్లోనే ఉంచండి. ఎప్పుడైనా లైను చెడి ఫిర్యాదు చేస్తే, వారు మొదట అడిగేది తమ పెట్టెతో పరీక్షించారా అనే.